బారో, లెండ్: ఒకే అప్పుకి రెండు వైపులు

‘ఐ బారోడ్ రవి ఫైవ్ థౌజండ్’ అని ఎవరో ఫోన్‌లో ఒక సందేశం పంపారనుకుందాం. పంపినవారి మనసులో ఉన్నది ‘రవికి ఐదు వేలు అప్పిచ్చాను’ అని. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు దాన్ని చదివితే ముందు తికమకపడతారు. తరవాత, మధ్యలో ‘ఫ్రమ్’ అనే చిన్న మాట జారిపోయినట్టుందని తమంతట తామే సరిచేసుకుని, ‘ఓహో, రవి దగ్గర ఐదు వేలు తీసుకున్నారన్నమాట’ అనుకుంటారు. ఒక్క క్రియ తప్పింది, ఇచ్చినవారు పుచ్చుకున్నవారైపోయారు. రావలసిన బాకీ కాస్తా తీర్చవలసిన బాకీ అయింది.

బారో, లెండ్ అనే ఈ రెండు మాటలూ తెలుగువాళ్ళు ఇంగ్లిష్‌లో తరచుగా తారుమారు చేసే జంట. బడిలో చెప్పే సూత్రం చాలా చిన్నది: తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. అది దాదాపు అందరికీ వచ్చు. ఖాళీలు పూరించమంటే సరిగానే పూరిస్తారు. తప్పు దొర్లేది మాట్లాడేటప్పుడే. సూత్రం తెలిసీ నోరు తడబడుతోందంటే దానికి కారణం అజాగ్రత్త కాదు. ఒకే వ్యవహారాన్ని తెలుగు ఒక వైపు నుంచి చూస్తుంది, ఇంగ్లిష్ ఇంకో వైపు నుంచి చూస్తుంది. ఈ సంగతి విప్పి చెప్పకుండా ఎన్ని అభ్యాసాలు చేయించినా ఆ తడబాటు పోదు.

ముందు ఇంగ్లిష్ సంగతి. బారోకి కర్త పుచ్చుకునే మనిషి. దాని వెనక వెంటనే వస్తువు వస్తుంది, ఇచ్చిన మనిషి ‘ఫ్రమ్’ తరవాత వస్తారు: ‘ఐ బారోడ్ ఎ బుక్ ఫ్రమ్ సీత’. లెండ్‌కి కర్త ఇచ్చే మనిషి. దీనికి రెండు వాక్యరూపాలున్నాయి: ‘సీత లెంట్ మీ ఎ బుక్’ అనవచ్చు, ‘సీత లెంట్ ఎ బుక్ టు మీ’ అనవచ్చు. ‘లెంట్ మీ’ కుదిరింది కదా అని ‘బారో మీ’ అంటే కుదరదు. బారో వెనక నేరుగా మనిషి పేరు పెడితే ఆ మనిషినే తీసుకుపోతున్నట్టు అర్థం వస్తుంది. నిజానికి ఆఫీసుల్లో ‘కెన్ ఐ బారో యు ఫర్ ఎ మినిట్’ అంటారు కూడా. ‘ఒక్క నిమిషం మీతో పని ఉంది, ఇలా వస్తారా’ అని దాని భావం.

ఇప్పుడు తెలుగు. తెలుగు క్రియకి దిశ చూపడం రాదని కాదు. కొనడం, అమ్మడం వేరు మాటలు కాబట్టి బై, సెల్ అనే మాటల్ని తెలుగువాళ్ళెవరూ కలగాపులగం చెయ్యరు. నేర్పడం, నేర్చుకోవడం వేరు కాబట్టి టీచ్, లెర్న్ దగ్గర కూడా పెద్దగా తడబడరు. అప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలుగుకి ఇలాంటి విడి క్రియలు లేవు. ‘అప్పు’ అనే నామవాచకం మధ్యలో కదలకుండా కూర్చుంటుంది. దాని పక్కన ‘ఇచ్చాడు’ అంటే ఒక దిశ, ‘తీసుకున్నాడు’ అంటే ఇంకో దిశ. బరువంతా నామవాచకానిది, దారి చూపే పని ఇవ్వడం, పుచ్చుకోవడం అనే మామూలు క్రియలది. అందుకే తెలుగులో ఆలోచించేవారి మనసులో ముందు మెదిలేది ‘అప్పు’. దానికి ఇంగ్లిష్ మాట వెతికితే ముందు తగిలేది ఎక్కువగా వినబడే బారో. ఇక ఇచ్చినా బారోనే, పుచ్చుకున్నా బారోనే.

వస్తువుల విషయంలో తడబాటుకి ఇంకో కారణం కూడా ఉంది. ఇది కొంచెం నిదానంగా చూడాలి. పక్క బెంచీ అబ్బాయిని పెన్ను అడిగే పిల్లవాడు తెలుగులో ఏమంటాడు? ‘ఒరేయ్, పెన్ను ఒకసారి ఇవ్వరా’ అంటాడు. అందులో అప్పూ లేదు, అరువూ లేదు. ‘ఇవ్వు’ అనే మాటే ఉంది. మళ్ళీ తిరిగిస్తాననే హామీ అంతా ‘ఒకసారి’ అన్న మాటలో ఇమిడి ఉంది. ‘ఒకసారి’ తీసేసి ‘పెన్ను ఇవ్వరా’ అంటే కొంత దబాయింపు వినిపిస్తుంది. ఒక్క క్రియావిశేషణంతో ఇంగ్లిష్ క్రియ పని మొత్తం చేయించడం తెలుగు పద్ధతి. ఇక వాక్యంలో కర్త ఎవరో చూడండి: ‘నువ్వు ఇవ్వు’. అంటే తెలుగులో అడిగే తీరుకి సరిపోయేది లెండ్. ఇంగ్లిష్ వాళ్ళు మాత్రం ఇలాంటి చోట ఎక్కువగా ‘కెన్ ఐ బారో యువర్ పెన్’ అంటారు, అంటే కర్త ‘నేను’. తెలుగు పిల్లవాడి చెవిలో అడగడానికి వాడే మాటగా బారో స్థిరపడిపోయింది. నోట్లో వాక్యం చట్రం మాత్రం తెలుగుదే, ‘నువ్వు నాకు’ అన్నది. చెవిలోని మాట, నోట్లోని చట్రం కలిసి ‘కెన్ యు బారో మీ యువర్ పెన్’ పుడుతుంది. ఆ తప్పులో ఒక లెక్క ఉంది.

మందు కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది. తెలుగులో ‘ఇస్తారా?’ అని అడగాలనిపిస్తే అది లెండ్. ‘తీసుకోనా? తీసుకెళ్ళనా?’ అని అడగాలనిపిస్తే అది బారో. ‘మీ బండి ఒకసారి ఇస్తారా’ అంటే ‘కుడ్ యు లెండ్ మీ యువర్ బైక్’. ‘మీ బండి ఒకసారి తీసుకెళ్ళనా’ అంటే ‘కుడ్ ఐ బారో యువర్ బైక్’. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అని బొమ్మలు గీసి బట్టీ పట్టించడం కంటే ఈ ‘ఇస్తారా, తీసుకోనా’ అన్న కొలత నోటికి తొందరగా పడుతుంది. ఎందుకంటే అది పిల్లలకి ముందే వచ్చిన భాషలో ఉంది.

ఈ రెండు అడగడాల మధ్య మర్యాదలో చిన్న తేడా ఉంది. ‘కుడ్ యు లెండ్ మీ’ అన్నప్పుడు ఎదుటి మనిషిని ఒక పని చెయ్యమని కోరుతున్నాం. ‘కుడ్ ఐ బారో’ అన్నప్పుడు చేసే పని మనది, వారు ఊఁ అంటే చాలు. రెండోదానిలో ఎదుటివారి మీద భారం కాస్త తక్కువగా వినిపిస్తుంది. పుస్తకాలు, గొడుగులు, ఛార్జర్ల లాంటి చిన్న వస్తువుల దగ్గర ఇంగ్లిష్‌లో బారో ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణమని చెప్పుకోవచ్చు.

అన్నిటికీ బారో పనికి రాదు. కదిలించి తీసుకుపోలేనివాటికి, అక్కడే వాడి వదిలేసేవాటికి ‘యూజ్’ అనడం పద్ధతి. ఎవరింట్లోనైనా బాత్‌రూముకి వెళ్ళాలంటే ‘కెన్ ఐ యూజ్ యువర్ బాత్‌రూమ్’ అంటారు. డబ్బిచ్చి వాడుకుంటే అది రెంట్, లేదా హైర్. ఇక్కడొక విశేషం ఉంది. బారో, లెండ్ దగ్గర దిశని అంత కచ్చితంగా చూపించే ఇంగ్లిష్, అద్దె దగ్గరికి వచ్చేసరికి తెలుగులాగే అయిపోతుంది. ‘దే రెంటెడ్ ఎ హౌస్’ అంటే అద్దెకి తీసుకున్నారనే ఎక్కువగా అర్థమవుతుంది కానీ, అద్దెకిచ్చారన్న అర్థానికీ ఆ మాటే వాడతారు. అనుమానం రాకుండా ఉండాలంటే ఇచ్చేవారు ‘రెంట్ ఔట్’ అనాలి, లేదా బ్రిటిష్ వాళ్ళలా ‘లెట్’ అనాలి. హైదరాబాద్, విజయవాడ సందుల్లో గేట్లకి వేలాడే ‘టు-లెట్’ బోర్డుల్లో ఉన్నది ఆ ‘లెట్టే’. అందులో ఇచ్చే దిశ దాగి ఉందని చాలామంది గమనించరు. మనకి అది ‘ఇల్లు ఖాళీగా ఉంది’ అనే ఒక గుర్తు, అంతే.

ఇంగ్లిష్ క్రియలు ఇంత కచ్చితంగా దిశ చూపిస్తూ ఒక సంగతిని మాత్రం వదిలేశాయి. తెలుగు గట్టిగా పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ‘ఐ బారోడ్ ఎ కప్ ఆఫ్ షుగర్’, ‘ఐ బారోడ్ ఎ లాడర్’ అనే రెండు వాక్యాలు చూడండి. క్రియ ఒకటే. కానీ నిచ్చెన తెస్తే ఆ నిచ్చెననే తిరిగివ్వాలి. పంచదార తెస్తే ఆ పంచదార తిరిగివ్వలేం. అది కాఫీలో కరిగిపోయింది, వేరే పంచదార కొలిచి ఇవ్వాలి. ఇంగ్లిష్ ఈ రెంటినీ ఒకే గాటన కట్టింది. తెలుగు నామవాచకాల్లో మాత్రం ఈ భేదం కనిపిస్తుంది. డబ్బు, ధాన్యం లాంటివి అప్పు, అదే కొలత తిరిగొస్తే చాలు. పెళ్ళికి పెట్టుకోవడానికి చుట్టాల దగ్గర తెచ్చుకున్న నగ ఎరువు. ఆ నగే తిరిగెళ్ళాలి, అందులో రాయి ఊడినా మాట పడాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత ఈ భయంలోంచే పుట్టింది. అక్కడ సొమ్ము అంటే డబ్బు కాదు, ఒంటి మీద పెట్టుకునే నగ. ఇప్పుడు ఎరువు అనగానే యూరియా బస్తా గుర్తొస్తుంది కాబట్టి ఈ సామెత చాలామందికి అర్థం కాకుండా పోతోంది. ఒక మంచి మాట ఇంకో అర్థం కింద నలిగిపోవడం బాధ కలిగించే విషయం.

ఇక కిరాణా కొట్టులో సరుకు ముందు తెచ్చుకుని డబ్బు తరవాత కట్టడం అరువు. తెలంగాణలో దాన్నే ఉద్దెర అంటారు. కొట్టు గోడ మీద ‘అరువు రేపు’ అని రాసి ఉంటే అర్థం కానివాళ్ళు లేరు. కాగితం, వడ్డీ లేకుండా నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని చేతిలో వేయించుకునేది చేబదులు. దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి మనవాళ్ళు ‘హ్యాండ్ లోన్’ అన్న మాట వాడతారు. భారతీయులకి అది పక్కా ఇంగ్లిష్ మాటలాగే అనిపిస్తుంది, ఆడిటర్లు సైతం లెక్కల పుస్తకాల్లో రాస్తారు. లండన్‌లోనో చికాగోలోనో అంటే మాత్రం ఎదుటివారు మళ్ళీ అడగవచ్చు, ఎందుకంటే అది మన నేల మీద తయారైన ఇంగ్లిష్. ఈ మాటలన్నీ ప్రాంతాన్ని బట్టి ఒకదాని చోట ఇంకొకటి వస్తుంటాయి. అరువుని ఎరువులా, బదులుని అప్పులా వాడే ఊళ్ళున్నాయి. గీతలు కాస్త చెరిగినా, వేటికి ఏం తిరిగివ్వాలో, ఎంత తొందరగా ఇవ్వాలో, మధ్యలో కాగితం ఉంటుందో లేదో అన్న గ్రహింపు మాత్రం ఆ నామవాచకాల్లోనే ఉంది.

తెచ్చిన వస్తువే తిరిగిరావాలా, దానికి సాటి వస్తే చాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. ప్రాచీన రోమన్ న్యాయశాస్త్రం ఈ రెంటినీ వేర్వేరు ఒప్పందాలుగా చూసింది. తిని, ఖర్చు చేసి, అదే రకం అదే కొలతలో తిరిగిచ్చేది ‘మ్యూటువమ్’. వాడుకుని ఆ వస్తువునే తిరిగిచ్చేది ‘కొమ్మోదాతుమ్’. మొదటిదానిలో వస్తువు పుచ్చుకున్నవారి సొంతమైపోతుంది, కాబట్టి తరవాత అది దొంగల పాలైనా అగ్గిపాలైనా బాకీ బాకీయే. రెండోదానిలో సొంతదారు మారరు, కాబట్టి తగినంత జాగ్రత్త పడినా తప్పించలేని ప్రమాదం వస్తే నష్టం సొంతదారుదే. తెలుగు ఇళ్ళలో అప్పుకీ ఎరువుకీ మధ్య ఉన్న తేడాని ఆ న్యాయవేత్తలు వేరే పేర్లతో రాసుకున్నారు.

ఈ తేడా మీద ఇరవయ్యో శతాబ్దంలో ఒక దేశపు యుద్ధ విధానమే నిలబడింది. 1940 చివరికి బ్రిటన్ దగ్గర అమెరికా ఆయుధాలు కొనడానికి డబ్బు అడుగంటింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అప్పులు చాలావరకు తిరిగి రాలేదు, కాబట్టి మళ్ళీ డబ్బు అప్పిస్తామంటే అమెరికా ప్రజలు ఒప్పుకోరు. 1940 డిసెంబర్ 17న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విలేఖరుల ముందు ఒక పోలిక చెప్పారు. పక్కింటికి నిప్పంటుకుంది, మన దగ్గర తోటకి నీళ్ళు పెట్టే గొట్టం ఉంది. ఈ గొట్టానికి 15 డాలర్లయింది, ముందు ఆ డబ్బు కట్టు అని పక్కింటాయన్ని అడగం. మంటలార్పుకుని గొట్టం తిరిగిస్తే చాలు. అంటే ఆయన డబ్బు అప్పు అనే ఊహని పక్కకి నెట్టి, దాని స్థానంలో వస్తువు ఎరువు అనే ఊహని నిలబెట్టారు. క్రియ రెండుచోట్లా లెండే. ఇంగ్లిష్‌లో ఈ తేడా చెప్పడానికి ఆయనకి ఒక కథ కావలసివచ్చింది. 1941 మార్చి 11న లెండ్-లీజ్ చట్టం అమల్లోకి వచ్చింది. యుద్ధం ముగిసేలోగా దాని కింద దాదాపు 5 వేల కోట్ల డాలర్ల విలువైన సామగ్రి బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనా మొదలైన దేశాలకి వెళ్ళింది. ఆ పోలికకి వ్యతిరేకులు కూడా పోలికతోనే జవాబిచ్చారు. యుద్ధ సామగ్రిని లెండ్ చెయ్యడం చూయింగ్ గమ్‌ని లెండ్ చెయ్యడం లాంటిది, నమిలినదాన్ని ఎవరూ తిరిగి కోరుకోరు అని సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ వాదించారు. పేలిపోయిన గుండు తిరిగి రాదు, కాబట్టి అది గొట్టం కాదు, కరిగిపోయిన పంచదార. ఎవరి పోలిక సరైనదన్నది రాజకీయం. ఒకే క్రియలో రెండు వేరు వ్యవహారాలు దాగి ఉన్నాయని మాత్రం ఆ వాదన స్పష్టంగా బయటపెట్టింది.

లెండ్‌తో పాటు లోన్ సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికన్ ఇంగ్లిష్‌లో లోన్‌ని క్రియగా కూడా మామూలుగా వాడతారు: ‘షి లోన్డ్ మీ హర్ కార్’. బ్రిటిష్ వాడుకలో కొందరికి అది చెవికి గుచ్చుకుంటుంది, అక్కడ లెంట్ అంటారు. కానీ క్రియగా లోన్ వాడుక నిన్న మొన్నటిది కాదు, శతాబ్దాల నాటిది. వస్తువులకీ డబ్బుకీ లోన్ చెల్లుతుంది కానీ, పోలికగా వాడే చోట్ల లెండ్ తప్ప వేరేది కుదరదు. తెలుగులో లోన్ అచ్చంగా బ్యాంకు మాట అయిపోయింది. లోన్ పెట్టాం, లోన్ వచ్చింది, లోన్ కడుతున్నాం అంటాం. ‘పెట్టాం’ అంటే దరఖాస్తు పెట్టాం అని. పక్కింట్లో తెచ్చిన పంచదారని ఎవరూ లోన్ అనరు.

పోలికగా వాడే చోట్లకి వస్తే ఈ జంటలో ఒక పక్షపాతం కనిపిస్తుంది. లెండ్ చుట్టూ ఉన్నవన్నీ మంచి పనులే. ‘లెండ్ ఎ హ్యాండ్’ అంటే సాయపడటం, తెలుగులో ‘ఒక చెయ్యి వెయ్యి’ అన్నట్టు. ‘లెండ్ యాన్ ఇయర్’ అంటే చెవి ఒగ్గి వినడం. ఒక సాక్ష్యం వాదనకి బలం ‘లెండ్’ చేస్తుంది, మసక వెలుతురు గదికి ఒక అందాన్ని ‘లెండ్’ చేస్తుంది. ఇవేవీ తిరిగివ్వవలసినవి కావు, ఇక్కడ లెండ్ అంటే ఉత్త ఇవ్వడమే. బారో చుట్టూ ఉన్నవి అలా కావు. ‘బారోడ్ టైమ్’ మీద బతుకుతున్నారంటే ఆయువు మూడినా రోజులు లాగుతున్నారని. ‘బారోడ్ ఐడియా’ అంటే సొంతం కాని ఆలోచన. తెలుగులో కూడా ‘అరువు తెచ్చుకున్న నవ్వు’ అంటే పొగడ్త కాదు. సంస్కృతం ఈ పక్షపాతాన్ని పేర్లలోనే పెట్టేసింది. అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, తీసుకున్నవాడు అధమర్ణుడు. ఋణం అనే మాటకి ముందు ఉత్తమ, అధమ అని చేర్చగా వచ్చినవి ఇవి.

అప్పిచ్చేవారి మీద సమాజాల చూపు మాత్రం ఒక్కటిగా లేదు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో పొలోనియస్ అనే తండ్రి పై దేశం వెళ్తున్న కొడుకుకి చెప్పే బుద్ధుల్లో, బారో చేసేవాడివీ కావద్దు, లెండ్ చేసేవాడివీ కావద్దు అన్నది ఒకటి. ఇచ్చినవాడికి డబ్బూ పోతుంది, స్నేహితుడూ పోతాడని ఆయన లెక్క. మన సుమతీ శతకంలో, నివసించదగిన ఊరికి ఏవేవి ఉండాలో చెప్పే పద్యం ‘అప్పిచ్చువాడు’ అన్న మాటతోనే మొదలవుతుంది, వైద్యుడు కూడా అతని తరవాతే. వానకి, విత్తనానికి, కోతకి మధ్య నెలల తరబడి చేతిలో పైసా ఆడని సేద్యపు ఊళ్ళో, అప్పు పుట్టే చోటు ఉండటం ప్రాణావసరం. ఇక అప్పిచ్చువాడు నూటికి నెలకి ఎంత వడ్డీ పట్టాడన్నది వేరే కథ. ‘రెండు రూపాయల వడ్డీ’ అని మెత్తగా వినిపించేది ఏడాదికి 24 శాతం.

ఈ రెండు మాటల పుట్టుక చూస్తే, మనం చేసే తప్పు వాటి చరిత్రలోనే ఉందని తెలుస్తుంది. పాత ఇంగ్లిష్‌లో ‘బోర్గ్’ అంటే పూచీ, జామీను. దానిలోంచి వచ్చిన ‘బోర్గియన్’ అనే క్రియకి అప్పు తీసుకోవడం, అప్పివ్వడం, పూచీ పడటం అన్న అర్థాలన్నీ ఉండేవి. తరవాత్తరవాత బారో తీసుకునే వైపుకి ఒరిగి అక్కడే నిలిచిపోయింది. దానికి చుట్టమైన జర్మన్ మాట ‘బోర్గెన్’ నేటికీ రెండు దిశల్లోనూ వాడుకలో ఉంది. ఇంగ్లిష్ పుట్టి పెరిగిన భాషగా ఉన్న కొన్ని ప్రాంతాల మాండలికాల్లో ఇప్పటికీ ‘బారో మీ’ వినిపిస్తుంది. ప్రామాణిక భాష దాన్ని ఒప్పుకోదు, పరీక్షలోనూ ఉద్యోగంలోనూ అది తప్పే. అలా అనేవాళ్ళు మనమొక్కళ్ళమే కాదని మాత్రం పిల్లలకి చెప్పాలి.

లెండ్‌ది ఇంకో దారి. పాత రూపం ‘లేనన్’. అందులో చివర ‘డ’కారం లేదు. భూతకాల రూపంలో ఉన్న డకారం మెల్లగా వర్తమానంలోకి కూడా పాకి లెండ్ అయింది. లోన్ అన్న మాట వైకింగుల భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఈ లోన్, లెండ్‌ల మూలధాతువు వదలడం, విడిచిపెట్టడం అన్న అర్థంలో ఉండేది. సంస్కృతంలో ‘రిక్త’ అనే మాట ఆ ధాతువు నుంచి వచ్చిందే. ‘రిక్తహస్తాలతో తిరిగొచ్చాడు’ అన్నప్పుడు వాడే రిక్తానికీ, బ్యాంకు లోన్‌కీ వేలయేళ్ళ కిందటి చుట్టరికం ఉంది.

కొత్త రంగాల్లోకి వెళ్ళేకొద్దీ ఈ మాటల్లో ఏదో ఒక అంశమే మిగులుతూ ఉంటుంది. లెక్కల్లో 52 లోంచి 17 తీసెయ్యాలంటే, రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంటాం. ఇంగ్లిష్‌లోనూ అది బారోయింగే. అక్కడ తిరిగివ్వడం అన్నదే లేదు. పది ఒకట్లుగా విడదీసిన పది అది, అంతే. అందుకే అమెరికా బడుల్లో ఆ పేరు మార్చి ‘రీగ్రూపింగ్’ అంటున్నారు. 2015లో తొలి స్థిర రూపం వచ్చిన రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి తలకిందులుగా, తిరిగివ్వడమే ప్రాణం. ఒక విలువని ఒక భాగం ‘బారో’ చేస్తే సొంతదారు మారరు. బారో చేసినది సొంతదారు కంటే ఎక్కువ కాలం బతకడానికి వీల్లేదు. ఆ నియమం తప్పితే, దాన్ని సరిచూసే ‘బారో చెకర్’ ఆ ప్రోగ్రామ్‌ని ముందుకి కదలనివ్వదు. ఇది అచ్చమైన ఎరువు. తెలుగు ఇంజనీర్లకి ఈ భాష నేర్పేవారు అప్పు అనే మాటతో కాక ఎరువు నగల ఉదాహరణతో మొదలుపెడితే సగం కష్టం తగ్గుతుంది.

భాషాశాస్త్రంలో ఇంకా విచిత్రం. ఒక భాష మాటని ఇంకో భాష తీసుకుంటే దాన్ని బారోయింగ్ అంటారు, ఆ మాటని లోన్‌వర్డ్ అంటారు. మనం ఎరువు మాట, ఆదాన పదం అని రాసుకుంటున్నాం. తీసుకున్నవాళ్ళు తిరిగివ్వరు, ఇచ్చినవాళ్ళకి తరుగు రాదు. లోన్‌వర్డ్ అన్న మాట కూడా జర్మన్ మాటకి ఇంగ్లిష్ అనువాదమే. అప్పు గురించి తెలుగులో వాడే మాటల్లోనే బాకీ, బదులు అరబ్బీ వైపు నుంచి వచ్చాయి, ఉద్దెర హిందీ నుంచి వచ్చింది, లోన్ ఇంగ్లిష్ నుంచి వచ్చింది. తెలుగు నుంచి ఇంగ్లిష్ తీసుకున్నవి తక్కువే కానీ, వాటిలో ఒకటి మన పందికొక్కు. అది ‘బాండికూట్’ అయి, అక్కడితో ఆగక ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉన్న ఒక చిన్న జంతువుకి పేరుగా స్థిరపడింది.

ఈ రెండు మాటలు తెలుగువారి జీవితాన్ని నేరుగా తాకే చోటు బ్యాంకు కాగితం. అక్కడ బారోయర్ అంటే రుణగ్రహీత, లెండర్ అంటే రుణదాత. తెలుగు క్రియలు చెయ్యని పని గ్రహీత, దాత అన్న సంస్కృత మాటలు చేస్తున్నాయి. కాగితం ఇంగ్లిష్‌లోనే ఉండి, చదివి చెప్పేవాళ్ళు లేకపోతే మాత్రం, ‘కో-బారోయర్’ అని ఉన్న గడిలో ఇంటి ఇల్లాలు సంతకం పెట్టినప్పుడు తాను సాక్షినేమో అనుకునే ప్రమాదం ఉంది. కో-బారోయర్ అప్పు తీసుకున్న రెండో మనిషి. మొదటి మనిషి కట్టకపోతే మొత్తం అప్పుకీ బ్యాంకు ఆమెని అడగవచ్చు. సాక్షికి ఆ బాధ్యత లేదు. ‘గ్యారంటర్’ అన్న గడి కూడా తక్కువదేమీ కాదు. ఊళ్ళో దాన్ని ష్యూరిటీ సంతకం, జామీను సంతకం అంటారు. స్నేహితుడి కోసమో బావమరిది కోసమో ‘ఊరికే ఒక సంతకం’ అని పెట్టేస్తారు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప పూచీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానమని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. ముందు అప్పు తీసుకున్నవాళ్ళని వెంటాడి, వాళ్ళ దగ్గర ఏమీ లేదని తేలాకే పూచీదారు దగ్గరికి రావాలన్న నియమం అందులో లేదు.

వెయ్యేళ్ళ కిందట ‘బోర్గ్’ అన్న మాటలో పూచీ, అప్పు కలిసే ఉండేవి. బారోయర్ గడి, గ్యారంటర్ గడి కాగితం మీద వేర్వేరుగా కనిపిస్తున్నా, వాటిలో దేని కింద సంతకం పెట్టినా వాయిదా తప్పిన నాడు నోటీసు వచ్చేది ఆ ఇంటి గుమ్మానికే.